మ్యాక్ మినీ కొత్తది ఎప్పుడొస్తుంది? ఎదురుచూసేవాళ్లంతా ఇక్కడ

బందరు_బైట్స్ | 17 అక్టోబర్ 2017

మ్యాక్ మినీ అంటే తెర, కీబోర్డ్ లేకుండా వచ్చే యాపిల్ చిన్న కంప్యూటర్ పెట్టె. దానికి చివరిసారి కొత్తది వచ్చి నిన్నటితో మూడేళ్లు నిండాయి. 2014 అక్టోబర్ 16న వచ్చిన మ్యాక్ మినీనే యాపిల్ ఇవాళ్టికీ కొత్త సరుకు కింద అమ్ముతోంది. లోపల ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్. ఇంటెల్ ఏమో ఈ నెలలోనే డెస్క్‌టాప్‌లకి ఎనిమిదో తరం దింపింది.

నేను ఇంట్లో కూర్చుని ఐఫోన్ యాప్‌లు చేస్తుంటాను. ఆ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ మ్యాక్ మీద తప్ప నడవదు కాబట్టి విండోస్‌కి మారిపొమ్మని దయచేసి చెప్పకండి. మంచి మానిటర్ ఉంది, కీబోర్డ్ ఉంది. ఐమ్యాక్ కొంటే ఇంకో స్క్రీన్‌కి డబ్బు కట్టాలి. మ్యాక్‌బుక్ కొంటే వాడని బ్యాటరీకి కట్టాలి. నాకు సరిపోయేది మినీ ఒక్కటే. ప్రస్తుతం 2011 మోడల్ మీద లాగిస్తున్నాను. బిల్డ్ కొట్టినప్పుడల్లా, అంటే రాసిన కోడ్‌ని యాప్‌గా మార్చినప్పుడల్లా, ఫ్యాన్ మోత పక్కగదిలోకి వినబడుతోంది.

ఇప్పుడున్న 2014దే కొనేయాలా, ఆగాలా? ఆగితే ఎన్నాళ్లని?

టీ6_స్క్రూ | 17 అక్టోబర్ 2017

2014ది కొత్తగా మాత్రం కొనకండి. పాతబడిందని కాదు, వచ్చిన రోజునే అది వెనకడుగు.

2012 అక్టోబర్‌లో వచ్చిన మినీలో నాలుగు కోర్ల ఐ7 దొరికేది. పెట్టె తిరగేసి, అడుగునున్న నల్ల మూత మీద రెండు బొటనవేళ్లు పెట్టి తిప్పితే ఊడొచ్చేది. ర్యామ్ కళ్లెదురుగా ఉండేది. 4 జీబీ పీకి 16 జీబీ పెట్టుకోవడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. 2014లో ర్యామ్‌ని ఊడదీయలేకుండా బోర్డుకే సోల్డర్ చేసేశారు. కొన్నప్పుడు ఎంత పెట్టించుకుంటే జీవితాంతం అంతే. నాలుగు కోర్ల రకం ఎత్తేశారు, ఏ మోడల్ తీసుకున్నా రెండు కోర్లే. ఒక్కో కోర్ వేగం కొంచెం పెరిగింది, కాదనను. కానీ కోర్లన్నిటినీ వాడుకునే పని, అంటే మీ బిల్డ్ లాంటిది, 2012 ఐ7 మీదే ముందు అయిపోతుంది. తర్వాత వచ్చింది ముందు వచ్చినదానికంటే నెమ్మది.

కారణం కూడా ఊహించొచ్చు. నాలుగో తరంలో వాళ్లు మినీకి వాడిన రెండు కోర్ల చిప్‌లో చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపేది) కూడా అదే ప్యాకేజీలో కలిసి ఉంటుంది. నాలుగు కోర్లదానికి చిప్‌సెట్ విడిగా ఉంటుంది. రెండూ అమ్మాలంటే రెండు రకాల బోర్డులు చేయించాలి. తక్కువ అమ్ముడయ్యే పెట్టెకి ఆ ఖర్చు దండగ అనుకుని ఉంటారు.

సీటీసీ_శీను | 17 అక్టోబర్ 2017

విండోస్ అనొద్దన్నారు కాబట్టి అనను. ఇంటెల్ ఎన్‌యూసీ అని ఒక కంప్యూటరుంది, అరచేతిలో పట్టేంత. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో రెండు షాపులు తిరిగితే ఏడో తరం ఐ5 పెట్టె, 16 జీబీ ర్యామ్, 256 ఎస్ఎస్‌డీ అన్నీ పట్టుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. దాని మీద హ్యాకింటోష్ వేసుకోండి, అంటే యాపిల్‌ది కాని పెట్టె మీద మ్యాక్ ఓఎస్. ఎవడి కోసం ఎదురుచూడాలి?

బందరు_బైట్స్ | 17 అక్టోబర్ 2017

శీను గారూ, సరదాకి అయితే సరే. క్లయింటుకి శుక్రవారం యాప్ ఇవ్వాల్సి ఉండగా గురువారం రాత్రి అప్‌డేట్ వచ్చి సౌండో వైఫైయో పోతే నేనెక్కడ వెతుక్కోను? పైగా మ్యాక్ ఓఎస్ లైసెన్సు యాపిల్ పెట్టెల మీద నడపడానికే ఇస్తారు. దీనిమీదే బతికేవాడిని, అలాంటి పునాది మీద కూర్చోలేను.

ఎడిటింగ్_టేబుల్ | 18 అక్టోబర్ 2017

బెజవాడ నుంచి. నేనూ మీ వరసలోనే ఉన్నాను. పెళ్లి వీడియోలు, లఘుచిత్రాలు ఫైనల్ కట్‌లో చేస్తాను. ఇంతకుముందు అందరూ ఫుల్ హెచ్‌డీతో సరిపెట్టుకునేవాళ్లు, ఇప్పుడు పెళ్లికూతురి మేనమామ కూడా ఫోర్‌కేలో ఇస్తారా అని అడుగుతున్నాడు. డ్రోన్ వాడు తెచ్చిన ఫైళ్లు టైమ్‌లైన్ మీద వేస్తే నా మినీలో రంగుల చక్రం తిరుగుతూనే ఉంటుంది. మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

పాత_మెకింటోష్ | 18 అక్టోబర్ 2017

పిల్లలందరికీ కాస్త వెనకటి కథ.

2005 జనవరి 11, శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యాక్‌వరల్డ్ సభ. ఆరున్నర అంగుళాల చదరం, రెండంగుళాల ఎత్తు ఉన్న పెట్టెని స్టీవ్ జాబ్స్ చూపించాడు. ధర 499 డాలర్లు. తెర, కీబోర్డ్, మౌస్ మీవి మీరే తెచ్చుకోండి అన్నాడు. అప్పటికి ఐపాడ్ కొన్న విండోస్ జనాన్ని మ్యాక్ వైపు లాగడానికి వేసిన గాలం అది. ఆ లెక్కన చూస్తే ఇవాళ మినీని ఎందుకు పట్టించుకోవడం లేదో అర్థమవుతుంది. మనుషుల్ని లోపలికి లాగే పని ఇప్పుడు ఐఫోన్ చేస్తోంది. గాలం అవసరం తీరిపోయింది.

అయినా చంపేస్తారని నేను అనుకోను. 2007లో కూడా మినీ పని అయిపోయిందని వార్తలు రాశారు. ఆ ఆగస్టులోనే కొత్తది వచ్చింది. ఆ తర్వాత మళ్లీ 2009 మార్చి దాకా ఉలుకూ పలుకూ లేదు. 2010లో అల్యూమినియం ఒళ్లు వచ్చింది, 2011లో సీడీ డ్రైవ్ పోయింది. దీని జాతకమే అంత. పండక్కి బట్టలు అందరికీ కొన్నాక మిగిలిన ముక్కతో కుట్టించే చొక్కా ఇది.

డాలస్_నుంచి | 20 అక్టోబర్ 2017

చూశారా? ఎవరో మెయిల్ రాస్తే టిమ్ కుక్ స్వయంగా జవాబిచ్చాడట. వివరాలు చెప్పే సమయం ఇంకా రాలేదు గానీ, ముందు ముందు మా సరుకులో మినీకి ముఖ్యమైన చోటే ఉంటుందని సారాంశం. ఇక్కడ టెక్ సైట్లన్నీ దీని గురించే.

సీటీసీ_శీను | 20 అక్టోబర్ 2017

ఏప్రిల్‌లో మ్యాక్ ప్రో గురించి విలేకరులని పిలిచి మాట్లాడినప్పుడు యాపిల్ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ చెప్పింది కూడా ఇదే కదా, మినీ ముఖ్యమైనదే అని. ముఖ్యం ముఖ్యం అంటూనే మూడేళ్లు. అదిగో పులి అంటే ఇదిగో తోక.

బందరు_బైట్స్ | 20 అక్టోబర్ 2017

నాకు ఆ మెయిల్‌లో ఒక్కటే పనికొచ్చింది: ఎత్తేయడం లేదు. ఎత్తేస్తున్నాం అని ఉంటే ఇవాళే ఐమ్యాక్ ఆర్డర్ పెట్టేవాణ్ని. ఆగమనీ చెప్పలేదు, వెళ్లమనీ చెప్పలేదు. చూద్దాం.

టీ6_స్క్రూ | 21 అక్టోబర్ 2017

ఆగేవాళ్లకి ఒక సలహా. ఆగినన్నాళ్లు ఏడుస్తూ కూర్చోకండి. 2011, 2012 మినీలకి ఎస్ఎస్‌డీ వేసుకోండి, ర్యామ్ పెంచండి. చాలామంది ప్రాసెసర్‌ని తిట్టుకుంటారు గానీ అసలు దోషి నిమిషానికి 5400 చుట్లు తిరిగే ఆ హార్డ్ డిస్క్.

ఇంట్లో చేసుకునేవాళ్లకి: మూత తీశాక ముందు ఫ్యాన్, తర్వాత దాని పక్కనున్న నల్ల ప్లాస్టిక్ దొన్నె, ఆ తర్వాత చిల్లుల జల్లెడ ప్లేటు. అదే వైఫై యాంటెనా. దాన్ని ఒక్కసారిగా పైకి లాగకండి. కింద సూదంత తీగ ఒకటి బోర్డుకి తగిలించి ఉంటుంది. ప్లేటుని కొంచెం వాల్చి, గోరుతో ఆ బుడిపెని నిటారుగా పైకి లేపి విడదీయండి. బిగించేటప్పుడు దాన్ని గురి చూసి పెట్టడమే మొత్తం పనిలో కష్టమైన భాగం. మా ఊళ్లో ఒక షాపు వాడు ఆ తీగ తెంపేసి, ఏమీ ఎరగనట్టు బిగించి ఇచ్చాడు. పక్కగదిలోకి వెళ్తే వైఫై అందేది కాదు. తెరిచి చూస్తే గానీ తెలియలేదు.

బందరు_బైట్స్ | 4 నవంబర్ 2017

టీ6 గారూ, చేశాను. మీరు చెప్పిన తీగ దగ్గర అరగంట పట్టింది. ఎక్స్‌కోడ్ తెరుచుకోవడం బాగా మెరుగైంది. బిల్డ్ మాత్రం అంతే, రెండు కోర్లు కదా. ఇంకొంత కాలం లాగొచ్చు.

ఎడిటింగ్_టేబుల్ | 22 ఫిబ్రవరి 2018

దారి తప్పిన మాటే గానీ చెప్పకుండా ఉండలేను. మన ‘జ్ఞా’ యాపిల్ వాళ్లని గడగడలాడించిందిగా! మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే ఐఫోన్లు, మ్యాక్‌లలో యాప్‌లు ఠపీమని మూసుకుపోయాయి. 19న ఐఓఎస్ 11.2.6, దాంతోపాటే మ్యాక్ ఓఎస్ హై సియెర్రాకి కూడా మందు వేశారు.

సీటీసీ_శీను | 22 ఫిబ్రవరి 2018

అంటే తల్చుకుంటే వారం తిరక్కుండా అప్‌డేట్ ఇవ్వగలరన్నమాట. ఎవరైనా మినీని క్రాష్ చేసే అక్షరం కనిపెట్టండయ్యా.

డాలస్_నుంచి | 5 జూన్ 2018

నిన్న డెవలపర్ల సభ అయింది. హార్డ్‌వేర్ ఏమీ లేదు, ఒక్క పెట్టె కూడా లేదు. మొహావీ అని కొత్త మ్యాక్ ఓఎస్ చూపించారు. డార్క్ మోడ్ బాగుంది.

టీ6_స్క్రూ | 5 జూన్ 2018

డార్క్ మోడ్ సరే, కింద చిన్న అక్షరాలు చదివారా? మొహావీకి మెటల్ అనే యాపిల్ గ్రాఫిక్స్ పద్ధతి నడిచే మ్యాక్ తప్పనిసరి. మినీల్లో 2012 చివర వచ్చినవి, ఆ తర్వాతవి మాత్రమే. బందరు గారూ, మీ 2011 ఇక్కడితో ఆగిపోయింది.

బందరు_బైట్స్ | 5 జూన్ 2018

చదివాను. ఇప్పటి ఎక్స్‌కోడ్ హై సియెర్రా మీద నడుస్తుంది గానీ, కొత్త ఎక్స్‌కోడ్ కొత్త ఓఎస్‌నే అడుగుతుంది, అది ఎప్పుడూ ఉన్నదే. యాప్ స్టోర్ వాళ్లేమో కొత్త ఎక్స్‌కోడ్‌తో చేసినవే పంపమంటారు. అంటే నాకు గడువు పడింది. ఇన్నాళ్లూ వేగం కోసం చూశాను, ఇప్పుడు తప్పనిసరి అయింది. టెన్షన్ మొదలైంది.

ఎడిటింగ్_టేబుల్ | 13 జూలై 2018

నిన్న మ్యాక్‌బుక్ ప్రోలకి ఎనిమిదో తరం పెట్టారు. పదమూడంగుళాలదానికి కూడా నాలుగు కోర్లు. మినీ గురించి మాట లేదు. నేనిక ఆగడం లేదు. శ్రావణం పెళ్లిళ్లు నెత్తిమీదున్నాయి, అడ్వాన్సులు తీసుకున్నాను. 27 అంగుళాల ఐమ్యాక్ ఆర్డర్ పెట్టేశాను. ఈ చర్చలో ఉంటాను, వరసలోంచి మాత్రం తప్పుకుంటున్నా.

పాత_మెకింటోష్ | 13 జూలై 2018

మంచి పని చేశావు నాయనా. పని ఉన్నవాడు యంత్రం కోసం ఆగకూడదు. రేపు మినీ వచ్చినా బాధపడకు. ఈలోపు చేసిన పెళ్లిళ్ల డబ్బు నీ జేబులో ఉంటుంది.

డాలస్_నుంచి | 21 ఆగస్టు 2018

లేవండి లేవండి! బ్లూమ్‌బర్గ్ నిన్న రాసింది. కొత్త మినీ ఈ ఏడాదే వస్తోందట, ఈసారి వృత్తి పనివాళ్లని దృష్టిలో పెట్టుకుని. కొత్త ప్రాసెసర్లు, ఎక్కువ స్టోరేజీ. కాబట్టి ధర కూడా పెరగొచ్చని.

బందరు_బైట్స్ | 21 ఆగస్టు 2018

ఆ చివరి ముక్క నచ్చలేదు.

టీ6_స్క్రూ | 21 ఆగస్టు 2018

నాకు మొదటి ముక్కే నచ్చింది. వృత్తి పనివాళ్లు అంటే సర్వర్ గదుల్లో మినీలు వరసలుగా పేర్చి మ్యాక్‌లు అద్దెకిచ్చే కంపెనీలు కూడా. 2014ది కోర్లు తక్కువని వాళ్లూ 2012వే పట్టుకుని వేలాడుతున్నారు. పాత 2012 ఐ7కి సెకండ్‌హ్యాండ్‌లో ధర దిగకపోవడానికి అదొక కారణం. వాళ్లు పెద్ద మొత్తంలో కొంటారు కాబట్టి వాళ్ల గోడు వినబడి ఉంటుంది, మనది కాదు.

ఓరుగల్లు_విద్యార్థి | 3 సెప్టెంబర్ 2018

అందరికీ నమస్కారం. బీటెక్ మూడో సంవత్సరం. ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్ భాష నేర్చుకుందామని ఉంది. నాన్న ఒకసారి డబ్బులు ఇస్తానన్నారు, ఆ ఒకసారి వృథా కాకూడదు. కొత్త మినీ వస్తే 2014 మినీ ధర తగ్గుతుందా? అప్పుడు అది కొనుక్కోవచ్చా?

టీ6_స్క్రూ | 3 సెప్టెంబర్ 2018

తమ్ముడూ, తగ్గినా 4 జీబీ ర్యామ్ది ముట్టుకోకు. పెంచుకోలేవు. ఎక్స్‌కోడ్, సిమ్యులేటర్ (మ్యాక్ మీదే ఐఫోన్‌లా యాప్ నడిపి చూపేది) రెండూ తెరిస్తే అక్కడే ఆగిపోతావు. నేర్చుకోవడానికి 2012 ఐ5 అయినా చాలు, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ వేసినదైతే. మొహావీ కూడా వస్తుంది దాని మీద. నాలుగు కోర్లదే కావాలని పట్టుబట్టకు, నేర్చుకునే దశలో చేసే యాప్‌లు చిన్నవి.

సీటీసీ_శీను | 3 సెప్టెంబర్ 2018

మొదటి రెండు నెలలు మీ కాలేజీ ల్యాప్‌టాప్ మీదే లైనక్స్ వేసుకుని స్విఫ్ట్ భాష నేర్చుకోవచ్చు, ఉబుంటుకి వస్తుంది. ఐఫోన్ తెర మీద బొమ్మ గీయాల్సి వచ్చినప్పుడు మ్యాక్ కొను. నాన్న డబ్బులు అప్పటిదాకా బ్యాంకులో ఉండనీ.

ఓరుగల్లు_విద్యార్థి | 3 సెప్టెంబర్ 2018

ఇది నాకెవరూ చెప్పలేదు. ఈ రాత్రికే వేస్తాను అన్నా.

సీటీసీ_శీను | 13 సెప్టెంబర్ 2018

నిన్నటి సభలో మూడు ఐఫోన్లు, ఒక గడియారం. మినీ? మాయం. ఇక మీరు అక్టోబర్ అనండి, తర్వాత సంక్రాంతి అనండి.

డాలస్_నుంచి | 19 అక్టోబర్ 2018

ఆహ్వానాలు వచ్చేశాయి. అక్టోబర్ 30, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో. మీకు రాత్రి ఏడున్నర. యాపిల్ గుర్తుని రకరకాల బొమ్మలుగా గీయించి ఒక్కొక్కరికీ ఒక్కోటి పంపారట. ఐప్యాడ్ ఖాయం అంటున్నారు. మినీ కూడా ఉంటుందని నా నమ్మకం.

మోడరేటర్ | 30 అక్టోబర్ 2018

ఈ రాత్రి సభ గురించి ఇక్కడే రాయండి, వేరే చర్చలు తెరవకండి. బూతులు వద్దు. శీను గారూ, ముఖ్యంగా మీరు.

బందరు_బైట్స్ | 30 అక్టోబర్ 2018, రాత్రి

మ్యాక్‌బుక్ ఎయిర్ అయిపోయింది. గుండె దడదడలాడుతోంది.

ఎడిటింగ్_టేబుల్ | 30 అక్టోబర్ 2018, రాత్రి

వచ్చింది!!! మినీ!!! నల్లగా ఉంది!

టీ6_స్క్రూ | 30 అక్టోబర్ 2018, రాత్రి

నలుపు కాదు, స్పేస్ గ్రే. ఆకారం అదే పాత ఏడుమ్ముప్పావు అంగుళాల చదరం. లోపల అంతా కొత్తది. అడుగు మోడల్‌కే నాలుగు కోర్ల ఐ3. పైన ఆరు కోర్ల ఐ5, ఐ7. నాలుగు థండర్‌బోల్ట్ 3 పోర్టులు, హెచ్‌డీఎంఐ, మామూలు యూఎస్‌బీ రెండు. కావాలంటే 10 గిగాబిట్ ఈథర్‌నెట్. ర్యామ్ 64 జీబీ దాకా! హార్డ్ డిస్క్ ఊసే లేదు, అన్నీ ఎస్ఎస్‌డీలే.

బందరు_బైట్స్ | 30 అక్టోబర్ 2018, రాత్రి

ధర?

డాలస్_నుంచి | 30 అక్టోబర్ 2018, రాత్రి

799 డాలర్లు. 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్ఎస్‌డీ.

సీటీసీ_శీను | 30 అక్టోబర్ 2018, రాత్రి

హమ్మయ్య, ఇప్పుడు ఊపిరాడింది. ఇంతసేపూ నాకేం మిగల్చలేదే అనుకున్నాను. 499 నుంచి 799! మన దేశంలో 75,900 అని సైటులో పడింది చూడండి.

పాత_మెకింటోష్ | 31 అక్టోబర్ 2018

499 డాలర్ల మినీ అనేది 2005లో పుట్టింది, నిన్న రాత్రితో పోయింది. దీన్ని వేరే వస్తువుగా చూడండి. అప్పుడు ఇంట్లోవాళ్ల కోసం చేశారు, ఇప్పుడు పనివాళ్ల కోసం చేశారు. పేరు ఒకటే మిగిలింది.

బందరు_బైట్స్ | 31 అక్టోబర్ 2018

మాస్టారూ, పనివాణ్నే నేను. అయినా 75,900 పెట్టి 128 జీబీ అంటే చేతులు రావడం లేదు. ఎక్స్‌కోడ్, నాలుగు సిమ్యులేటర్లు, రెండు ప్రాజెక్టుల బిల్డ్ చెత్త కలిస్తే సగం పైన నిండిపోతుంది.

డాలస్_నుంచి | 31 అక్టోబర్ 2018

డిసెంబర్‌లో వస్తున్నాను, తెమ్మంటే తెస్తాను. కానీ లెక్క ముందే చెప్తున్నా. ఇక్కడ అమ్మకపు పన్ను 8.25 శాతం కలిపితే 865 డాలర్లు. డాలర్ 73 రూపాయల 50 పైసలు అనుకుంటే 63,500 పైచిలుకు. ల్యాప్‌టాప్ అయితే కస్టమ్స్ వాళ్లు ఒకటి ఊరికే వదిలేస్తారు. మినీ ల్యాప్‌టాప్ కాదు, 50,000 రూపాయల మామూలు మినహాయింపులోకి వస్తుంది. పైనున్న దాని మీద 38.5 శాతం సుంకం, అంటే ఐదు వేల పైన. అన్నీ పోను మీకు మిగిలేది ఏడు వేలు. అది కూడా నా మినహాయింపు అంతా మీకే ఇచ్చేసి, మా అత్తగారి సామాను వదిలేసి వస్తే.

సీటీసీ_శీను | 31 అక్టోబర్ 2018

ఏడు వేల కోసం అత్తగారితో పెట్టుకోకండి బాబూ.

ఎడిటింగ్_టేబుల్ | 1 నవంబర్ 2018

ఐమ్యాక్ కొన్నందుకు నిన్నంతా వాట్సాప్‌లో నన్ను ఆడుకున్నారు. స్పెక్స్ చూశాక కుదుటపడ్డాను. కొత్త మినీలో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌తోపాటు వచ్చే యూహెచ్‌డీ 630 ఒక్కటే. విడిగా కార్డు లేదు. నా ఐమ్యాక్‌లో రేడియాన్ ఉంది, ఫైనల్ కట్‌లో ఎఫెక్టులు వేసేది అదే. మినీకి బయట గ్రాఫిక్స్ పెట్టె తగిలించుకోవచ్చు, హై సియెర్రా నుంచే ఆ సదుపాయం ఉంది. కానీ పెట్టె, కార్డు కలిపి చూస్తే ఐమ్యాక్ ధర దాటేస్తుంది. యాపిల్ సొంత టీ2 చిప్ వల్ల హెచ్.265 రకం వీడియో ఎక్స్‌పోర్ట్ మాత్రం మినీలో చాలా వేగం అంటున్నారు, అది ఒప్పుకుంటాను.

టీ6_స్క్రూ | 8 నవంబర్ 2018

విప్పి చూపించేవాళ్లు విప్పేశారు. మంచి వార్త: ర్యామ్ సోల్డర్ చేయలేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో పెట్టే డీడీఆర్4 2666 కడ్డీలే, రెండు స్లాట్లు. చెడ్డ వార్త: 2012లో లాగా మూత తిప్పితే చేతికి రావు. ఫ్యాన్ తీసి, బోర్డు మొత్తం వెనక నుంచి బయటికి జరిపి, ర్యామ్ మీదున్న రేకు డబ్బా విప్పాలి. ఇంకా చెడ్డ వార్త: ఎస్ఎస్‌డీ బోర్డుకే అతికించి ఉంది.

కాబట్టి బందరు గారూ, నా మాట వినండి. యాపిల్ దగ్గర 8 నుంచి 64 జీబీకి వెళ్లాలంటే 1,400 డాలర్లు అడుగుతున్నారు. ఆ డబ్బు అక్కడ పెట్టకండి. ర్యామ్ 8 జీబీతోనే తీసుకోండి, ఏడాది తర్వాత బయట కొని వేసుకుందాం, నేను వేసిపెడతాను. తర్వాత పెంచలేనిది ఎస్ఎస్‌డీ, మార్చలేనిది ప్రాసెసర్. డబ్బంతా ఆ రెండింటికీ పెట్టండి. ప్రాజెక్టులు తప్ప మిగతా ఫైళ్లు బయటి డ్రైవ్‌లో పడేయండి, థండర్‌బోల్ట్‌కి ఆ వేగం సరిపోతుంది.

బందరు_బైట్స్ | 8 నవంబర్ 2018

లెక్క కుదిరింది. ఆరు కోర్ల ఐ5, 256 జీబీ, ర్యామ్ 8. అనుకున్నదానికంటే చాలా ఎక్కువే అవుతోంది, దాచిందంతా పోతుంది. కానీ ఇంకోటి ఎప్పుడు చేస్తారో ఎవరికి తెలుసు? కొంటే ఐదారేళ్లు కదలనిది కొనాలి.

సీటీసీ_శీను | 8 నవంబర్ 2018

అదే వాళ్ల కిటుకు. నాలుగేళ్లు ఆపితే, వచ్చినప్పుడు బేరం ఆడకుండా కొంటారు. మీ డబ్బుకి నేను ఎన్‌యూసీలు రెండు కట్టి, మిగిలిన దాంతో ప్యారడైజ్‌లో అందరికీ బిర్యానీ పెట్టేవాణ్ని.

బందరు_బైట్స్ | 8 నవంబర్ 2018

బిర్యానీ ఎలాగూ పెట్టండి. ఎక్స్‌కోడ్ మాత్రం దాని మీద రాదు.

ఓరుగల్లు_విద్యార్థి | 17 నవంబర్ 2018

శీను అన్నా, లైనక్స్ మీద స్విఫ్ట్ పుస్తకం సగం దాకా వచ్చాను. క్లోజర్ల దగ్గర కొంచెం తికమక. టీ6 అన్నా, ఇప్పుడు కొత్తవి వచ్చాయి కదా, మీ దగ్గర 2012 ఐ5 ఏదైనా ఉందా? నాన్నగారు ఎంతవుతుందని అడుగుతున్నారు.

టీ6_స్క్రూ | 17 నవంబర్ 2018

ఐ7 అమ్మను, అది నాతోనే ఉంటుంది. ఐ5 ఒకటుంది, ఎస్ఎస్‌డీ వేసే ఉంది, 16 జీబీ ర్యామ్. ఒక మూల చిన్న సొట్ట, పనికి అడ్డం కాదు. కొత్తది రాకముందు ఎంత చెప్పేవాణ్నో ఇప్పుడు అంత చెప్పను. నీకు ఇంకా తగ్గిస్తాను. వరంగల్ వైపు వచ్చే వారం వస్తున్నా, మీ నాన్నగారి ముందే మూత తిప్పి లోపల చూపిస్తాను.

మోడరేటర్ | 17 నవంబర్ 2018

అమ్మకాలు, బేరాలు అంగడి విభాగంలో. ధర ఇక్కడ రాయకండి. శీను గారి బిర్యానీ ఎప్పుడో మాత్రం ఇక్కడే రాయొచ్చు.